ఆర్.కె.పేటలో పిల్లల ఆటగుడ్డలు

తిరుత్తణి స్టేషనులో దిగినవారిలో చాలామంది కొండదారి పడతారు. ఏడాదిలో రోజుకొకటి చొప్పున 365 మెట్లని పేరుపొందిన ఆ కొండమీద సుబ్రహ్మణ్యస్వామి కొలువై ఉండగా ఆయనను చూడకుండా పోయేవారు ఎవరు? మేము మాత్రం ఆ రోజుకు స్వామికి కిందనుంచే నమస్కారం పెట్టి, పడమరగా పోయే బస్సెక్కాము. మా సంఘంలోనివారమే నలుగురం. ముగ్గురు ఆడవాళ్ళు, ఒక మగవాడు. చేతిలో ఒక పెద్ద సంచి. సంచినిండా పిల్లల గుడ్డలు. పట్టుపావడ ఒకటి, తళతళలాడే చమ్కీల గౌను ఒకటి, టోపీకి లాగుతాడు ఉన్న చలికోటు ఒకటి, బిర్రబిగుసుకునే జీన్సు లాగు ఒకటి, మేజోళ్ళు రెండు జతలు. కండక్టరు టిక్కెట్టు కొడుతూ సంచివైపు చూచి, "అమ్మకానికా?" అని అడిగాడు. కాదన్నాము. ఆయన నమ్మినట్టు లేదు.

ఆర్.కె.పేట పూర్తి పేరు రామకృష్ణరాజుపేట. నోరు తిరగడం కష్టమనో, బస్సు బోర్డుమీద చోటు చాలదనో, జనం దానిని మూడక్షరాలకు కుదించుకున్నారు. ఘటికాచలమని మన పెద్దలు చెప్పే షోలింగరు నరసింహస్వామి కొండ ఇక్కడికి దగ్గరే. ఈ నేల కథ కొంచెం చెప్పుకోవాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లాతోబాటు ఈ ప్రాంతమూ ఆంధ్రలోనే ఉండిపోయింది. తరువాత పటాస్కర్ గారి సిఫార్సుల ననుసరించి 1959లో పార్లమెంటు చట్టం చేయగా, 1960 ఏప్రిల్ 1నుంచి తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. బదులుగా సత్యవేడు వైపు గ్రామాలు చిత్తూరు జిల్లాకు వచ్చాయి. 1997లో చెంగల్పట్టు జిల్లాను చీల్చి తిరువళ్ళూరు జిల్లా చేశారు. ఇన్ని సరిహద్దులు మారినా వీధి అరుగుమీద కూర్చున్న అవ్వ నోట తెలుగు మారలేదు. బడిలో అరవం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూను. ఒకే వాక్యంలో రెండు భాషలూ నడుస్తుంటే వినడానికి మాకు మహా ముచ్చటగా ఉన్నది.

బస్సు దిగగానే ముందు చెవిన పడేది మగ్గం చప్పుడు. చేతిమగ్గం అయితే ఒక ఊపు, ఒక విరామం. మనిషి ఊపిరి తీసినట్టు ఉంటుంది. మరమగ్గానికి ఆ విరామం లేదు. టకటకటకమని, తలుపు మూసినా గోడలోంచి వస్తుంది. ఇక్కడా, పొదటూరుపేటలోనూ, అమ్మయ్యారుకుప్పంలోనూ ఇళ్ళ ముందుగదులే మగ్గం గదులు. లుంగీలు, నూలు చీరలు వీరి పని. తమిళనాడు ప్రభుత్వం మరమగ్గాలకు రెండు నెలలకు 750 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇచ్చేది. 2023లో దానిని 1000 యూనిట్లు చేసింది. చేతిమగ్గాలకు 200 యూనిట్లను 300 చేసింది. కరెంటు ఉచితమైనా నూలు ఉచితం కాదు గదా! నూలు ధర ఒక వారం ఉన్నట్టు మరో వారం ఉండదని మేము చూచిన ప్రతి గడపలోనూ చెప్పారు.

ఇక మేము వెళ్ళిన పని. పాఠక సోదరీమణులకు తెలియనిది కాదు, ఇప్పుడు చెన్నపట్నంలో ఏ పెద్ద అంగడి సముదాయానికి పోయినా పై అంతస్తులో పిల్లల ఆటశాల ఒకటి ఉంటుంది. ప్లే జోన్ అంటారు. గంటకింత అని రుసుము. లోపల మెత్తని దిండ్లతో కట్టిన గోడలు, ప్లాస్టిక్ జారుడుబల్లలు, ఎక్కడానికి వలలు, ఎగరడానికి ట్రాంపొలీనులు, రంగురంగుల బంతులు నింపిన తొట్టి. ఎరిక్ మెక్‌మిలన్ అనే రూపకర్త 1972లో కెనడాలోని టొరంటో నగరంలో ఆంటారియో ప్లేస్ అనే వినోదవనంలో పిల్లలకోసం ఇటువంటి ఆటస్థలం కట్టాడు. అప్పటినుంచి ఈ మెత్తటి ఆటలు లోకమంతా పాకిపోయాయి. ఎండలకు, రోడ్లకు భయపడి వీధిలో పిల్లలను వదలలేని తల్లులకు ఇదొక వరమే. మేము దానిని తప్పు పట్టడం లేదు. అయితే మన సంఘం సమావేశాలలో అమ్మలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: అక్కడికి పిల్లకు ఏ గుడ్డలు వేసి పంపాలి?

ఇది చిన్న ప్రశ్నలా కనబడుతుంది. మాలో ఒకరి మనవరాలికి మూడేళ్ళు. పుట్టినరోజు విందు ఒక ఆటశాలలో పెట్టుకున్నారు. పండుగ గదా అని పట్టుపావడ కట్టి, మెడలో ఎప్పుడూ ఉండే నల్లతాడు తాయెత్తుతోనే లోపలికి వదిలారు. జారుడుబల్ల పైమెట్టుమీద కూర్చుని పిల్ల జారబోతుండగా తాడు పక్కనున్న వల ముడికి తగులుకున్నది. పిల్ల కిందికి, తాడు పైకి. అక్కడ నిలబడి ఉన్న పనిపిల్ల, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, ఒక్క అంగలో వెళ్ళి పిల్లను రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నది. అంతే. కేకు కోశారు, పాట పాడారు. కాని మెడచుట్టూ ఎర్రని గీత రెండురోజులు ఉన్నది. ఆ రెండురోజులూ ఆ ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు.

తాడు సంగతి ఇతర దేశాలవారు ముందే గ్రహించారు. పిల్లల చలికోట్ల టోపీలకు, మెడలకు ఉండే లాగుతాళ్ళు జారుడుబల్లల సందుల్లో ఇరుక్కుని ప్రాణాలు పోయిన సందర్భాలు చూచి, అమెరికాలో వినియోగదారుల భద్రతా సంఘం 1996లో అటువంటి తాళ్ళు వద్దని సూచనలు జారీ చేసింది. ఐరోపాలో 2004లో వచ్చిన ప్రమాణం ఏడేళ్ళలోపు పిల్లల గుడ్డలకు తల, మెడ దగ్గర లాగుతాడే ఉండరాదన్నది. మన ఇళ్ళలో చలికోటు అరుదు. కాని మన పిల్లల ఒంటిమీద తాళ్ళకు కొదువ లేదు. తాయెత్తు తాడు, దిష్టిపూసల దండ, గొలుసు, చున్నీ, రవికె వెనక కట్టే దారాలకు వేలాడే కుచ్చులు, జడగంటలు, మల్లెపూల దండ కట్టిన నార. దేవుడిమీది నమ్మకానికీ దీనికీ సంబంధం లేదు. గంటసేపు తాయెత్తు తీసి దేవుడి పటం దగ్గర పెడితే, దేవుడు దానిని జాగ్రత్తగానే చూచుకుంటాడు.

నేతవారిని అడిగి, కుట్టేవారిని అడిగి, పిల్లల ఆటకు సరిపోయే గుడ్డలు ఒక జత కుట్టించి చూద్దామని ఆర్.కె.పేటకు వచ్చాము.

మొదట మమ్మల్ని అంగన్‌వాడీకి తీసుకుపోయారు. "పిలకాయలు ఆడుకునే చోటు చూడాలంటే అదే గదమ్మా" అన్నది దారి చూపిన అవ్వ. నిజమే. 1975 అక్టోబరు 2న దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైన తరువాత, 1982లో ఎం.జి.ఆర్. గారి పోషకాహార పథకం వచ్చిన తరువాత, ఈ పల్లెల్లో రెండేళ్ళ పిల్లకు నీడపట్టున ఆడుకునే గది అంటే ఇదే. సిమెంటు నేల, ఒక చాప, గోడమీద అరవ అక్షరాలు, జంతువుల బొమ్మలు, ప్లాస్టిక్ కుర్చీ గుర్రం ఒకటి. పిల్లలు పాట అరవంలో పాడి, పోట్లాట తెలుగులో పెట్టుకున్నారు. అందరూ ఉత్త కాళ్ళతోనే ఉన్నారు. అన్న విడిచిన చొక్కా తమ్ముడికి మోకాళ్ళదాకా వచ్చింది. గుండీ ఊడినచోట పిన్నీసు.

మమ్మల్ని ఆకట్టుకున్నది ఆ గది మూలలో ఉన్న ఒక రేకు డబ్బా. పిల్ల గడప దాటి లోపలికి రాగానే టీచరమ్మ ఒళ్ళంతా ఒకసారి తడిమి చూస్తుంది. పిన్నీసు ఉంటే తీసి డబ్బాలో వేస్తుంది. మెడతాడు, వదులైన గాజు, జడపిన్ను, జేబులో దాచుకున్న గోళీ, అన్నీ డబ్బాలోకే. పిన్నీసు తీసినచోట చొక్కా విచ్చుకుపోకుండా రెండు అంచులూ కలిపి ముడివేస్తుంది. సాయంత్రం తల్లులు వచ్చినప్పుడు ఎవరిది వారికి అప్పగిస్తుంది. ఎవరు నేర్పారని అడిగాము. "ఎవురు నేర్పేది? ఒగ పిలగాడు గుండీ ముక్కులో పెట్టుకున్నాడు. అబ్బుడు నేర్చుకున్నా" అన్నది నవ్వుతూ. చెన్నపట్నం ఆటశాలల గుమ్మం దగ్గర చెప్పులకు అరలు, సంచులకు తాళాలు చూచాము గాని, ఇటువంటి డబ్బా మేమెక్కడా చూడలేదు.

అక్కడినుంచి నేతింటికి. ఇంటి యజమాని అరవై దాటినవాడు. తండ్రి గుంటమగ్గంమీద నేశాడు, తాను రెండు మరమగ్గాలు పెట్టుకున్నాడు. గుంటమగ్గాన్ని తీసివేయలేదు, ఒక మూల దానిమీద చాపలు చుట్టి పెట్టి ఉన్నాయి. మా సంచిలోని గుడ్డలు ఒక్కొక్కటే తీసి ముందు పెట్టాము. ఆయన చూడడం కళ్ళతో కాదు, బొటనవేలితో. చమ్కీల గౌను అంచు నలిపి పక్కన పెట్టేశాడు. "ఇది పాలిస్టరు. చెమట తాగదు" అన్నాడు.

చెమట సంగతి ఆయన చెప్పిన దానికి లెక్క మేము కలుపుతాము. నూరు గ్రాముల నూలు, గాలిలోని తేమను ఎనిమిది గ్రాములదాకా పట్టి ఉంచుతుంది. పాలిస్టరు అర గ్రామైనా పట్టదు. పిల్ల గంతులు వేసి చెమట పోసినప్పుడు నూలుగుడ్డ దానిని పీల్చుకుంటుంది; పాలిస్టరు ఒంటికి అంటుకుంటుంది, చంకల్లో, మెడ ముడతల్లో చెమటకాయలు లేస్తాయి. అంతటితో పోలేదు. తేమ లేని గుడ్డ ప్లాస్టిక్‌మీద రాచుకుంటే దానిలో విద్యుత్తు చేరుతుంది. జారుడుబల్ల దిగివచ్చిన పిల్ల జుట్టు ముళ్ళపందిలా లేచి నిలబడడం మనమంతా చూచి నవ్వుకున్నదే. చల్లగాలి యంత్రాలు తిరిగే ఆటశాలలో గాలి పొడిగా ఉంటుంది గనుక అది మరీ ఎక్కువ. నేతాయన దీనిని తన పనినుంచే చెప్పాడు. మగ్గంలో పాలిస్టరు కలిసిన పడుగు ఎక్కిస్తే ఎండాకాలం పోగులు ఒకదాన్నొకటి తోసుకుని లేస్తాయట, దూదిపింజ అంతా దానికే అంటుకుంటుందట. నూలు పడుగుకు ఆ బాధ లేదు గాని, గాలి మరీ ఎండితే నూలు తెగుతుంది. అందుకే పాతవారు నేలలో గుంట తీసి, ఆ చల్లదనంలో కాళ్ళు పెట్టుకుని నేశారు. తడిసిన నూలుకు బలం తగ్గదు, పెరుగుతుంది. చాకిరేవులో బండకేసి బాదినా మన లుంగీ బతికి బట్టకట్టేది అందువల్లే.

విద్యుత్తు అన్న మాట రాగానే ఆయన కోడలు లోపలినుంచి ఒక పిల్లవాడిని తీసుకువచ్చింది. అయిదేళ్ళుంటాయి. చెవి వెనక ఒక చిన్న యంత్రం, అక్కడినుంచి తీగ, తలకు అంటుకున్న ఒక బిళ్ళ. పుట్టు చెవుడు. ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా కింద చెన్నపట్నంలో శస్త్రచికిత్స చేసి, చెవి లోపల కాక్లియర్ యంత్రం అమర్చారు. ఇప్పుడు మగ్గం చప్పుడు వింటున్నాడు, అమ్మ అనీ అంటున్నాడు. అతడికి చెన్నపట్నంలో మేనత్త ఉన్నది. సెలవులకు పోతే ఆటశాలకు తీసుకుపోతుంది. ప్లాస్టిక్ జారుడుబల్ల ఎక్కేముందు బయటి యంత్రం తీసి దాచమని ఆసుపత్రివారు చెప్పారట. ఒంట్లో చేరిన విద్యుత్తు ఒక్కసారిగా చిటుక్కుమంటే యంత్రంలో అమర్చిన లెక్క చెడిపోవచ్చును. కొత్త యంత్రాలు ఈ విషయంలో మెరుగైనా జాగ్రత్త మంచిదే. తీసివేస్తే ఇక ఆ గంటసేపు పిల్లవాడికి ఏమీ వినబడదు. "పేరు పెట్టి పిలిస్తే తిరగడు. దూరంనుంచి కనబడేదానికి నేను ఎప్పుడూ ఈ పసుపు చొక్కానే తొడుగుతా" అన్నది ఆమె. ఉతికి ఉతికి మెత్తబడిన పసుపు నూలు చొక్కా. మా సంచిలో ఉన్న గుడ్డలన్నిటికంటె అదే ఎక్కువ ఆలోచించి తొడిగిన గుడ్డ అని మాకు తోచింది. ఇటువంటి యంత్రమున్న పిల్లలకు ఒంటిమీదంతా నూలే ఉండడం మంచిది; బయటి యంత్రం ఎప్పుడు తీయాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మాత్రం వారి డాక్టరునే అడగాలి.

నూలు అన్నంత మాత్రాన అంతా ఒకటి కాదు. నెంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతుందో అది ఆ నూలు నెంబరు. 40 నెంబరు అంటే అటువంటి చిలపలు నలభై. పిల్లల పైచొక్కాకు 60 గాని 80 గాని, లాగుకు 40 చాలునని నేతాయన తీర్మానించాడు. మేము ఒక అడ్డుప్రశ్న వేశాము. మగ్గంగుడ్డ సాగదు. వల ఎక్కే పిల్ల చేయి పైకెత్తితే చంక దగ్గర పట్టేస్తుంది. తిరుప్పూరు బనియనుగుడ్డ అయితే ఎటు లాగినా వస్తుంది గదా? ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. మరమగ్గం ఆపి, "నిజమే. మా గుడ్డకు సాగుడు లేదు" అన్నాడు. ఆ నిజాయితీకి మేము నమస్కరించాము. పైకి బనియనుగుడ్డ, కిందికి మగ్గంగుడ్డ అని ఒప్పందానికి వచ్చాము. లాగుకు మగ్గంగుడ్డే మేలు. రెక్సిను దిండ్లమీద, ప్లాస్టిక్‌మీద మోకాళ్ళు రాచుకుంటే సాగే సన్నగుడ్డ త్వరగా చిరుగుతుంది, ఉత్త మోకాలైతే తోలు లేస్తుంది. జారుడుబల్లమీద తోలు లేవడం కాలినంత మంట. అందుచేత ఆటశాలకు నిక్కరు కంటె చీలమండదాకా వచ్చే లాగు మంచిది.

చీలమండదాకా అన్నాము, దాటి కాదు. ఈ మాట దగ్గర వీధి చివర మిషను కుట్టే అక్క మమ్మల్ని నిలదీసింది. మన ఇళ్ళలో ఒక అలవాటు ఉన్నది: పెరిగే పిల్ల గదా అని రెండేళ్ళకు సరిపోయేట్టు కొంటాము. మూడేళ్ళదానికి అయిదేళ్ళ గౌను. అది మెట్టెక్కుతూ తన అంచు తానే తొక్కి ముందుకు పడుతుంది. ఆమె మా పట్టుపావడను తీసి మిషనుమీద పరిచి, "ఇది కట్టుకుని వల ఎక్కేదెట్లా? బొటనవేలు ఈ కుచ్చెళ్ళలో దూరిందంటే అంతే" అన్నది. జరీ అంచు పిల్ల మెడమీద గీరుతుంది. చమ్కీ ఊడితే తొట్టిలో పాకే పసివాడి నోట్లోకి పోతుంది. జీన్సు లాగును చూచి, "కూసోనీదు, లేవనీదు" అని ఒక్కమాటలో తేల్చేసింది. పట్టుపావడ మీద మాకు కోపం లేదు. పెళ్ళికి కట్టండి, పేరంటానికి కట్టండి, ఫొటో తీసుకోండి. తరువాత విప్పి ఆటకు వదలండి.

ఆమె కుట్టే తీరు చెబుతాము. తానులోంచి కోసిన గుడ్డను ముందు రాత్రంతా నీళ్ళలో నానవేస్తుంది. గంజి దిగుతుంది, కుంచించుకుపోయేది ముందే పోతుంది, వదిలే రంగు వదులుతుంది. కొత్తగుడ్డ బిరుసు పిల్ల ఒంటికి పడదు. రంగు వదలడం అంటే గుర్తుకువచ్చింది: 1958లో మద్రాసు గళ్ళగుడ్డ అమెరికాకు పోయి, ఉతకగానే రంగులు దిగి గొడవైతే, రంగు దిగడమే దీని గొప్ప అని ప్రకటన వేసి అమ్ముకున్నారట! పెద్దల చొక్కాలకు ఆ యుక్తి పనికివచ్చింది గాని, చొక్కా కాలరు నోట్లో పెట్టుకుని చప్పరించే పిల్లకు పనికిరాదు. నానిన గుడ్డ ఆరిన తరువాతే కత్తెర. నడుముకు వెడల్పు ఎలాస్టిక్, పొట్టమీద గుర్తు పడకుండా రెండువేళ్ళు దూరేంత వదులు. రెండుకాళ్ళూ కలిసేచోట ఒక నలుచదరపు ముక్క అతుకుతుంది. పిల్ల కాలు చాచి ఎక్కినా కుట్టు పిగలదు. గుండీ లేదు, జిప్పు లేదు, దారం లేదు. జేబు అడిగాము. "జేబు పెడితే దానిలో రాయి పెడతారు" అన్నది. డయపరు కట్టే పిల్లలకు కూర్చునేచోట ఇంకో అంగుళం. బంతుల తొట్టిలోకి పోయే పసివాళ్ళకు డయపరు, దానిమీద లాగు రెండూ ఉండవలసిందేనని మా మాట.

కాళ్ళ సంగతి మీద మాలో మాకే వాదం వచ్చింది. ఆర్.కె.పేట పిల్లలవలె ఉత్తకాళ్ళే నేలను బాగా పట్టుకుంటాయి. నడక నేర్చే పిల్లకు అదే మేలు. కాని నగరంలోని ఆటశాలలు శుభ్రతకోసం మేజోళ్ళు ఉండాలంటాయి. మామూలు మేజోళ్ళు నున్నని నేలమీద జారతాయి. అరికాలికి రబ్బరు చుక్కలు అంటించినవి కావాలి; చాలాచోట్ల గుమ్మం దగ్గరే అమ్ముతారు, ఒకసారి కొన్నవి దాచుకుని మళ్ళీ తీసుకుపోవచ్చు. మడమ మడమలో కూర్చోవాలి. పెద్దసైజు మేజోడు మడమ పాదంపైకి తిరిగిందంటే రబ్బరు చుక్కలూ పైకే పోతాయి. బూట్లతో జారుడుబల్ల ఎక్కనివ్వకండి. తల్లులు ప్రేమకొద్దీ పసివాడిని ఒడిలో కూర్చోబెట్టుకుని జారుతారు; పిల్లవాడి బూటు రబ్బరు అంచుకు పట్టి ఆగుతుంది, తల్లి బరువు ఆగదు. మోకాలి కింది ఎముక విరుగుతుంది. పిల్లల ఎముకల డాక్టర్లకు ఇది బాగా తెలిసిన గాయమే. పిల్లవాడు ఒంటరిగా దిగలేని బల్ల ఎక్కకపోతేనేమి?

ఇంటికి రాగానే ఆ గుడ్డలు విప్పి ఉతకవలసిందే. 2019లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఫిజియోథెరపీ శాలలలోని బంతుల తొట్లను పరిశోధించినవారు, వాటిలో రోగకారక సూక్ష్మజీవులు కూడా ఉన్నాయని కనుగొన్నారు. భయపడి ఆట మాన్పించవలసిన పని లేదు. చేతులు కడిగించి, గుడ్డలు మార్చితే చాలు. నూలుగుడ్డకు ఇక్కడొక లోటు కూడా ఉన్నది, దాచడం ఎందుకు? చెమట తాగిన నూలు త్వరగా ఆరదు. తడిచొక్కాతో చల్లగాలిలో కూర్చుంటే పిల్లకు ఒణుకు పుడుతుంది. మరో బనియను సంచిలో ఉండాలి.

మధ్యాహ్నం నేతింట్లో సంగటి, పప్పు పెట్టారు. అవ్వ మా సంచిని ఇంకోసారి తెరిపించి చూచి, "ఏం నాయనా, పిలకాయలు ఆడుకునేదానికి కూడా వేరే గుడ్డలా? మా కాలంలో మొలతాడే గుడ్డ" అన్నది. అందరం నవ్వాము. నవ్వు ఆగిన తరువాత నేతాయన తన సంగతి చెప్పాడు. కొడుకు శ్రీపెరుంబుదూరు వైపు ఫ్యాక్టరీకి పోతున్నాడు. లుంగీ కట్టేవారు తగ్గారు, యువకులంతా పొట్టి లాగులకు మారిపోయారు. రెండు మగ్గాలలో ఒకటి వారంలో సగంరోజులు ఊరికే ఉంటుంది. మేము కొనబోయే పిల్లల లాగులవల్ల ఆయన మగ్గం నిండుతుందని చెప్పడానికి మాకు నోరు రాలేదు. ఒక లుంగీ గుడ్డలో మూడేళ్ళ పిల్లకు లాగులు రెండు వస్తాయి, జాగ్రత్తగా కోస్తే మూడు. మన సంఘంలో పిల్లలున్న ఇళ్ళు ఎన్ని? లెక్క వేస్తే ఆయనకు కొద్దిరోజుల పని. ఆ కొద్దిరోజుల పనికే ఆయన బదులిచ్చాడు: గళ్ళు చిన్నవిగా, పిల్లలకు తగినట్టు వేయాలంటే పడుగు వేరే కట్టాలి, ఒకే రంగు వరసలో తగినన్ని గజాలు అడిగితే కడతాను, విడివిడిగా అడిగితే కుదరదు.

కనుక మేము ఒకే రకం నిర్ణయించాము. పసుపు, ఆకుపచ్చ సన్నగళ్ళు, 40 నెంబరు. ఆ చెవి యంత్రం పిల్లవాడి చొక్కా చూచిన తరువాత పసుపు వద్దనడానికి మాలో ఎవరికీ మనసు రాలేదు. కుట్టుకూలి అక్కకు విడిగా. కొలతలు పంపే సోదరీమణులు పిల్ల వయసు రాయవద్దని ఆమె మరీ మరీ చెప్పింది. వయసును బట్టి కుడితే ఒకటి పొట్టి, ఒకటి పొడుగు అవుతాయట. నడుము చుట్టుకొలత, నడుమునుంచి చీలమండ ఎముకదాకా పొడవు, డయపరు ఉన్నదో లేదో, ఈ మూడు చాలు. పిల్లను నిలబెట్టి కొలవాలి. నిద్రపోతున్నప్పుడు కొలిస్తే అంగుళం తేడా వస్తుందని ఆమె అనుభవం.